చోడి అంబలి, తెల్లన్నం

ఈ మధ్య తిన్నవాటిలో గుర్తుండిపోయినవి రెండు. నిజానికి రెండూ ఒకటే. మొదటిది విశాఖలో ఒక రెస్టారెంట్లో గాజు గ్లాసులో వచ్చిన రాగి అంబలి, 180 రూపాయలు. రెండోది గజపతినగరంలో మా మామ్మ ఇచ్చిన చోడి అంబలి. రాత్రి కాసి ఉంచినదాంట్లో పొద్దున్నే మజ్జిగ కలిపి, ఉల్లిపాయ నంజుకుని తాగాను.

రాగుల్ని మా వైపు చోళ్లు అంటాం. వేల ఏళ్ల కిందట ఆఫ్రికా నుంచి వచ్చిన పంట. తక్కువ నీళ్లతో మెట్టల్లో పండుతుంది, ఏళ్ల తరబడి నిల్వ ఉంటుంది. వరి లేని ఇళ్లను కాపాడింది అదే. వరన్నం పండక్కీ, చుట్టాలొచ్చినప్పుడూ మాత్రమే. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం తెచ్చాక పేదిళ్లలోనూ తెల్లన్నం రోజువారీ తిండి అవుతూ వచ్చింది, అంబలి వెనక్కి జరిగింది. ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఇప్పుడు అదే అంబలి మెనూ కార్డెక్కింది.

తెల్లబియ్యం మన తిండిని పాడుచేసిందని నేనూ అంటుండేదాన్ని. బిల్లు సంగతి చెప్తే మామ్మ నవ్వింది.

"మేం అన్నం లేక తాగినాం. నువ్వు అన్నం ఉండి తాగుతున్నావు. రెండూ ఒకటేనేటి?"

ఆ మాట అనడం మానేశాను. అంబలి మాత్రం మానలేదు.