రోగి మంచమునొద్ద పుట్టిన శాస్త్రము

పరిశోధన యనగానే గాజుగొట్టములు, సూక్ష్మదర్శినులు మన కన్నులకు కట్టును. వేళకు మందిచ్చి, పక్క సవరించు నర్సునకు దానితో నేమి పని యని తోచవచ్చును. కాని పరిచర్యా పరిశోధన రోగి మంచము ప్రక్కననే పుట్టినదని చరిత్ర చెప్పుచున్నది.

క్రిమియా యుద్ధకాలమున, 1854 నవంబరులో, ఫ్లారెన్స్ నైటింగేల్ టర్కీ యందలి స్కుటారి సైనికాసుపత్రికి చేరెను. అచ్చట గాయములకంటె కలరా, అతిసారము, విషజ్వరములే ఎక్కువమందిని పొట్టన బెట్టుకొనుచుండెను. ఆమె దీపము పట్టి తిరిగిన సంగతి లోకమెరుగును. లెక్కలు కట్టిన సంగతి అందరెరుగరు. మరణములను నెలల వారీగా, కారణముల వారీగా విభజించి, 1858లో రంగుల పటములుగా పాలకుల ముందుంచెను. మురుగు, గాలి, నీరు బాగుపడినచో తప్పింపదగిన చావులే అధికమని ఆ పటములు చూపినవి. ఆమె భారతదేశమునకు ఎన్నడును రాలేదు. అయినను ఇచ్చటి సైనిక స్థావరములనుండి ప్రశ్నపత్రముల ద్వారా వచ్చిన సమాధానములను పరిశీలించెను. 1863 నాటి రాయల్ కమిషన్ నివేదికలో ఆ కృషి కలదు. పరిచర్యా పరిశోధనకే ప్రత్యేకించిన పత్రిక యొకటి 1952లో అమెరికాలో వెలువడినది.

ఈ పరిశోధనకు మార్గములు ముఖ్యముగా రెండు: లెక్కించుట, ఆలకించుట. ఎందరికి, ఎన్నిమార్లు అనునది మొదటిది. ఎందువలన, ఏ కష్టముచేత అనునది రెండవది.

మన శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానమును తీసికొందము. కవిటి, సోంపేట, కంచిలి ప్రాంతములు కొబ్బరి, జీడితోటలకు పేరొందినవి. మధుమేహము, రక్తపుపోటు లేనివారికి సైతము ఇచ్చట మూత్రపిండములు చెడుచున్నవి. 2018లో ప్రచురితమైన ఒక పరిశీలనలో సుమారు 18 శాతము మందికి దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి కనబడినది. వారిలో అధికులకు తెలిసిన కారణమేదియు లేదు. నీరు, ఎండలో శ్రమ, రసాయనములు అను అనుమానములు కలవు గాని, నిర్ధారణ జరుగలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధనా కేంద్రము ప్రారంభమైనవి.

డయాలిసిస్ రోగి ఒక్కొక్కసారి ఇంచుమించు నాలుగు గంటలు మంచముపై నుండును. ఆ సేపంతయు చెంతనుండునది నర్సే. ఈ నెల ఎందరు రాలేదో ఆమె లెక్కించవచ్చును. బస్సు ఖర్చు లేకనా, కూలి పోవుననియా, తోడు వచ్చువారు లేకనా యని అడిగి వ్రాసికొనవచ్చును. వేళలు మార్చి చూచి, మరల లెక్కించి, మార్పునకు ముందు వెనుకల పోల్చవచ్చును. ప్రశ్న, లెక్క, పోలిక — పరిశోధనకు పునాది ఇదియే.

దీనికొక ధర్మము కలదు. రోగి సమ్మతి లేక ప్రశ్నింపరాదు. అతని పేరు వెల్లడింపరాదు. అతడు కాదన్నను చికిత్సలో లోపము రానీయరాదు.

కావున, నర్సు కాగితము పట్టుకొని మీ గడపకు వచ్చినపుడు, ఇదెందుకని నిస్సంకోచముగా అడుగుడు. తృప్తి కలిగినచో ఉన్నమాట చెప్పుడు. మీరు చెప్పిన ఒక్క నిజము రేపు మరియొక ఇంటివారిని కాపాడవచ్చును.