కుర్చీ కింద గోనె

ఆమదాలవలసలో మా తాత టేకు కుర్చీ మొన్న బాగుచేయించాను. పైగుడ్డ విప్పితే కొబ్బరి పీచు, దాని కింద గోనెపట్టా. బరువంతా దానిమీదే.

1900ల మొదట్లో, సతారా బడిలో చిన్నారి అంబేడ్కర్ కూర్చున్నదీ గోనెపట్టా మీదే. బడి నౌకరు దాన్ని ముట్టడు. సాయంత్రం ఇంటికి మోసుకెళ్ళి, మర్నాడు మళ్ళీ తేవాలి. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయనే రాశారు.

మావాళ్ళు గోగు నానబెట్టి, ఆ కంపునీళ్ళలో నిలబడి నార తీసినోళ్ళు. తాత ఈ కుర్చీ ఏనాడూ వీధిలో వేసుకోలేదు. పెద్దోళ్ళు వెళ్తుంటే లేవాలి కదా!

గోనె మార్చేద్దామన్నాడు పనివాడు. వద్దని, చిరుగులు కుట్టించాను. ఇప్పుడు కుర్చీ వీధి వరండాలో ఉంది. అమ్మ మాత్రం చీకటి పడగానే లోపల పెట్టించేస్తోంది.