దశబంధము నుండి హరితనిధి వరకు

కామారెడ్డి నుండి నిజామాబాదు పోవు పెద్ద రోడ్డు మీద సదాశివనగరమను ఊరున్నది. ఆ ఊరి పాతచెరువులో 2015 మార్చి 12వ తేదీన నాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు మిషన్ కాకతీయ పనులను ప్రారంభించిరి. తెలంగాణములో లెక్కకు వచ్చిన 46 వేలకు పైబడిన చెరువులను, కుంటలను అయిదేండ్లలో బాగుచేయవలెనన్నది సంకల్పము. ఏటికి అయిదవ వంతు చొప్పున పని సాగవలెననుకొనిరి.

చెరువు మాట వచ్చినప్పుడు కట్టించినవారెవరని అడుగుట మనకు అలవాటు. రామప్ప చెరువనగానే రేచర్ల రుద్రుని, బయ్యారము చెరువనగానే గణపతిదేవుని సోదరి మైలాంబను తలచుకొందుము. కట్టిన తరువాత నూరేండ్లకు, రెండు నూరేండ్లకు కట్ట తెగినప్పుడు, తూము కూలినప్పుడు, పూడిక నిండినప్పుడు సొమ్ము తెచ్చినదెవరు? ఈ ప్రశ్న వేసినవారు తక్కువ. చెరువు బ్రతుకు మాత్రము ఈ రెండవ ప్రశ్న మీదనే ఆధారపడియున్నది.

మన పెద్దలు సప్తసంతానములని ఏడింటిని లెక్కించిరి. అందు కుమారుడొకడు, చెరువొకటి, వనమొకటి. కావ్యము, నిధి, దేవాలయము, అగ్రహారము తక్కినవి. చెరువు త్రవ్వించుట, తోట వేయించుట పుణ్యకార్యములని ఈ లెక్క చెప్పుచున్నది. కాని పుణ్యమునకు త్రవ్వించువాడు దొరకును గాని, పుణ్యమునకు ఏటేట కంపచెట్లు నరికించువాడు అంత సులభముగ దొరకడు. ఈ సంగతి పూర్వులకు తెలియకపోలేదు. అందుచేతనే దశబంధమను ఏర్పాటు పుట్టినది.

దశబంధమనగా పదియవ వంతు. ఎవడైనను తన సొమ్ముతో చెరువు కట్టించినను, పాడుపడినదానిని బాగుచేయించినను, ఆ చెరువు క్రింద పారు భూమిలో గాని, దాని ఫలములో గాని పదియవ పాలు అతనికి వదలుదురు. బదులుగా అతడును, అతని సంతతివారును ఆ చెరువు బాగోగులు చూడవలెను. కాకతీయుల కాలపు శాసనములలో ఈ మాట కనిపించును. ఆ పిమ్మట వచ్చిన రాజ్యములలోను, నిజాము సంస్థానములోను, ఇంగ్లీషువారి మద్రాసు రాజధాని జిల్లాలలోను దశబంధపు ఇనాములు నిలిచియుండెను. తూము తీసి మడులకు నీరు పంచు నీరటికాడు వేరు. అతనికి ఊరిచ్చు మేర, మాన్యము వేరు.

ఇందులోని కిటుకు గమనింపదగినది. చెరువు నిండి పంట పండిననే దశబంధదారునకు ఆదాయము. చెరువు ఎండినచో అతని పాలును ఎండును. కావున మరమ్మతు చేయించుమని అతనికి వేరుగా ఎవరును తాకీదు పంపనక్కరలేదు. ఈ పద్ధతిలో అన్యాయములు లేకపోలేదు. పదియవ పాలు తినుచు కట్ట వైపు తొంగిచూడని ఇనాముదారులును ఉండిరి. మట్టి మోసినవారికి ఇనాము రాలేదు. 1955లో హైదరాబాదు రాష్ట్రము ఇనాముల రద్దు చట్టము చేసినది. భూమి విషయములో అది జరుగవలసిన పనియే. అయితే పాత కట్టుబాటుతోపాటు చెరువునకు ఏటేట అందవలసిన ఆ చిన్న ఆదాయము కూడ జారిపోయినది. దాని స్థానములో మరొకటి ఏర్పడలేదు.

ఎల్లారెడ్డి వైపు పోయిన కథ మరొక రీతిగానుండును. అక్కడివి సంస్థానపు ఖజానాతో కట్టిన పెద్ద జలాశయములు. మంజీరలో కలియు ఆలేరు వాగు మీద పోచారము ఆనకట్ట 1922 నాటికి పూర్తియైనది. నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి ప్రాంతములలో పదివేల ఎకరములకు పైగా దాని నీరు పారును. మంజీర మీదనే నవాబు అలీ నవాజ్ జంగు ఆధ్వర్యమున 1923లో మొదలిడి 1931లో ముగించినది నిజాంసాగరము. తొలుత దానిలో సుమారు 29 టి.ఎం.సి.ల నీరు పట్టెడిది. నేడు లెక్కలోనున్నది 17.8 టి.ఎం.సి. తక్కిన చోటు ఎగువ నుండి కొట్టుకొనివచ్చిన మట్టి ఆక్రమించినది. ఎగువ అడవి పలుచబడినకొలది దిగువ సాగరము నిస్సారమగును.

ఈ బంధము ప్రభుత్వమువారికి తెలియనిది కాదు. మూడవ పంచవర్ష ప్రణాళికలో కేంద్ర ప్రభుత్వము నదీలోయ ప్రాజెక్టుల ఎగువ ప్రదేశములలో భూసార పరిరక్షణకు సహాయము ఆరంభించినది. నిజాంసాగరపు ఎగువ ప్రాంతము కూడ ఆ పథకములో చేరినది. గట్లు వేయుట, వాగులకు అడ్డుకట్టలు కట్టుట, చెట్లు నాటుట దాని పనులు. మన ప్రాంతపు నేలను, అడవిని బాగుచేయుటకు ఢిల్లీ నుండి సొమ్ము తెచ్చుకొను అలవాటు అట్లు బలపడినది.

పోచారము చుట్టునున్న అడవి ఒకప్పుడు నిజాముల వేటస్థలము. 1952లో దానిని వన్యప్రాణి సంరక్షణ కేంద్రముగ ప్రకటించిరి. చుక్కల దుప్పులు, కణుజులు, మనుబోతులు అక్కడ తిరుగుచుండును. శీతకాలమున హిమాలయముల నావలి నుండి బాతులు దిగును. ఇట్టి అడవులకు నేడు దొరకు పెద్ద మూట కంపా నిధి. గనులకు, రోడ్లకు, ఆనకట్టలకు అడవి తీసికొన్నవారు చెల్లించు పరిహారమది. సుప్రీంకోర్టు ఉత్తరువులతో ప్రోగుపడి, ఏండ్ల తరబడి బ్యాంకులలో నిద్రించినది. 2016లో చట్టము వచ్చిన పిదప, 2019 ఆగస్టులో 47 వేల కోట్ల రూపాయలకు పైగా రాష్ట్రములకు పంచిరి. తెలంగాణ వంతు సుమారు 3,110 కోట్లు. అడవి పోయిననే అడవికి డబ్బు వచ్చునన్నమాట! ఈ వింతను మెచ్చుకొనుటకు నాకు మనసొప్పదు. సొమ్ము వచ్చినది గదాయని ఖర్చుపెట్టుటకు వీలులేదు. రాష్ట్రము ఏటి కార్యప్రణాళిక వ్రాసి, జాతీయ ప్రాధికార సంస్థచే ఆమోదము పొందవలెను.

చెరువుల విషయములో ఢిల్లీ ద్వారము అంత తేలికగా తెరచుకొనలేదు. మిషన్ కాకతీయకు 5,000 కోట్ల రూపాయలు ఈయవలసినదని నీతి ఆయోగ్ సిఫారసు చేసినది. ఆ సొమ్ము రాలేదని రాష్ట్ర ప్రభుత్వము పలుమార్లు మొరపెట్టుకొన్నది. పని నాలుగు విడతలు నడచినది ముఖ్యముగా రాష్ట్రపు సొంత నిధులతోను, అప్పులతోను. ఐతే పద్దులలో కనిపించని దాత మరొకడున్నాడు. చెరువులో పూడిక త్రవ్వి బండికెత్తుట ప్రభుత్వపు ఖర్చు. పొలమునకు తోలుకొనుట రైతు ఖర్చు. ట్రాక్టరు కిరాయి తానే పెట్టుకొని రైతు ఆ నల్లమట్టిని చేనికి చేర్చెను. ఎరువు ఖర్చు తగ్గునని అతని ఆశ. దశబంధములోని కిటుకు కొంత ఇక్కడ తిరిగి కనబడుచున్నది.

2021లో తెలంగాణ ప్రభుత్వము హరితనిధిని ప్రకటించినది. ఉద్యోగి జీతము నుండి నెలకు 25 రూపాయలు, శాసనసభ్యుని నుండి 500 రూపాయలు, బడిలో చేరు విద్యార్థి నుండి సైతము కొద్ది రూపాయలు చొప్పున చెట్ల పెంపకమునకు కూడబెట్టుట దాని ఉద్దేశము. మొత్తము చిన్నది కావచ్చును. కాని ఎవరి దయ కొరకును ఎదురుచూడక ఏటేట వచ్చునది. గ్రాంటు అట్లు కాదు. అది ఒకసారి వచ్చును, కట్ట కట్టును, ఫలకము వేయును, పోవును. మరుసటి వానకాలమున తూము తలుపు పట్టుకొని నిలబడువానికి అందులో కూలి వ్రాసియుండదు.

2025 ఆగస్టు 27, 28 తేదీలలో కామారెడ్డి జిల్లాపై ఆకాశము విరిగిపడినట్లు వాన కురిసెను. రాజంపేట మండలము అర్గొండలో ఒక్క దినమున 40 సెంటీమీటర్లకు మించి పడినది. పోచారము ఆనకట్ట 70 వేల క్యూసెక్కుల ప్రవాహమునకు ఉద్దేశించినది. ఆనాడు లక్షా 80 వేల క్యూసెక్కులు దాని మీదుగా దూకినదని అధికారులు చెప్పిరి. పొర్లుకట్ట ప్రక్కన మట్టి కోసుకొనిపోయినది. నూరేండ్లు దాటిన ఆ రాతికట్టడము మాత్రము నిలిచినది. పలు చిన్న చెరువులకు గండ్లు పడెను. నీరు తీసిన పిమ్మట ఇంజనీర్లు గండి వెడల్పు కొలిచి, అంచనాలు వ్రాసి, సొమ్మునకై మరల పైకి పంపుకొనవలసివచ్చెను.