పడమటి నెల్లూరు సీమలో మిషన్ బంగళాలు

అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషను 1840లో శామ్యూల్ డే దొరగారితో నెల్లూరులో నాటుకొన్నది. పదమూడేండ్లకు, 1853లో, ఆ ఒక్క స్టేషనును కూడా మూసివేయుదమా అని అమెరికాలో పెద్దలు చర్చించారు. అలా మూతబడబోయిన మిషనే 1885లో ఉదయగిరిలోను, 1893లో ఆత్మకూరులోను స్టేషన్లు తెరచినది. నడుమ 1876-78 నాటి ఘోరమైన కరవు, 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో 2222 మంది బాప్తిస్మము జరిగినవి. పల్లె సంఘములు పెరిగేకొలది దగ్గరలో ఒక మిషనరీ కుటుంబము కాపురముండవలసి వచ్చినది. స్టేషను అనగా ముందుగా ఒక ఇల్లు.

ఈ బంగళాలను అమెరికా ఇండ్లని తలచుట పొరపాటు. బంగళా అన్న పేరే బెంగాలునుండి వచ్చినది. సున్నము, ఇటుక, కూలి మనవే. సున్నము, ఇసుక గానుగలో వేసి, కరక్కాయ, బెల్లము నానిన నీరు పోసి, ఎద్దులను కట్టి నూరించేవారు. కప్పునకు మద్రాసు టెర్రస్ అని పేరు. టేకు దూలములమీద చిన్న ఇటుకలను నిలువుగా, ఐమూలగా పేర్చి, పైన ఇటుక ముక్కలు సున్నముతో కలిపి పరచేవారు. దానిని స్త్రీలు వరుసగా కూర్చుండి చెక్కలతో రోజులకొద్దీ కొట్టి గట్టిపరచేవారు. ఎత్తయిన గోడలు, చుట్టును వరండా, పెరటిలో వేరుగా వంటిల్లు. ఉదయగిరి ఎండకు ఇంతకు మించిన విరుగుడు ఆనాడు లేదు.

మా దృష్టిలో ఆ ఇంటికి ప్రాణము వరండాయే. ఊరిలో పెద్దల ఇంటి అరుగు ఎక్కనియ్యని మాదిగ కుటుంబములు ఈ మెట్లు ఎక్కగలిగినవి. ఇరువదవ శతాబ్దము తొలి భాగమున ఉదయగిరిలో పనిచేసిన స్టెయిట్ దంపతులలో దొరసానిగారు వైద్యురాలు. అటువంటి గడపకు ఎవరెవరు వచ్చియుందురో ఊహించవచ్చును. అయినను వరండాకు, లోపలి హాలుకు నడుమ మరొక గడప ఉండినది. దానిని దాటి కుర్చీలో కూర్చున్న మనవారు తక్కువే. సంఘచరిత్ర వ్రాసేవారు ఈ సంగతిని మరుగుపరచరాదు.

ఇటువంటి బంగళాలు నిలిచియున్న చోట్ల మన కమిటీలు భక్తితోనే ఒక కీడు చేస్తున్నవి. గచ్చు పెచ్చులూడిన చోట సిమెంటు పూయించుచున్నారు. సున్నపు గోడ చెమ్మను పీల్చి బయటికి విడుచును. సిమెంటు దానిని లోపలనే బంధించును. పైకి తళతళలాడుచుండగా లోపల ఇటుక పొడియగును. ఇక కూల్చి దుకాణములు కట్టుదమనువారు ఎలాగును ఉన్నారు. తీర్మానము వ్రాయుటకు ముందు, సున్నపు పని తెలిసిన ముసలి మేస్త్రీనొకనిని పిలిచి కప్పు, దూలములు చూపించండి.