హిత్తీయులతో ఇస్రాయీల్ సంతతి వివాహ సంబంధాలు

బైబిల్ ఆదికాండం కథనం ప్రకారం, హజ్రత్ సారా మరణించిన నాటికి హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం)కు కనాను దేశంలో జానెడు సొంత నేల లేదు. హెబ్రోనులో, అనగా నేటి అల్‌ఖలీల్ పట్టణంలో, ఆయన హేతు సంతతివారి ముందు నిలిచి ఖననానికి స్థలం అడిగారు. ఎఫ్రోను అనే హిత్తీయుడు మొదట ఊరకే ఇస్తానన్నాడు. ఆయన అందుకు ఒప్పుకొనక 400 షెకెళ్ల వెండి తూచి ఇచ్చి మక్పేలా గుహను, దానిని ఆనుకొని ఉన్న పొలాన్ని కొన్నారు. ఈ వంశంవారికి, హిత్తీయులకు మధ్య ఆ గ్రంథం వర్ణించే తొలి వ్యవహారం ఈ భూమి బేరమే. తర్వాతిది పెళ్లి.

ఇంతకూ ఈ హిత్తీయులు ఎవరు? 1906లో టర్కీలోని బొగాజ్‌కొయ్ వద్ద హ్యూగో వింక్లర్ తవ్వకాలు ప్రారంభించగా హత్తూసా అనే మహానగరం బయటపడింది. అక్కడ దొరికిన మట్టి పలకలపై ఉన్నది ఇండో-యూరోపియన్ కుటుంబానికి చెందిన భాష అని 1915లో హ్రోజ్నీ నిరూపించాడు. ఈజిప్టు ఫరో రెండవ రామ్సెస్‌తో సమానస్థాయిలో సంధి చేసుకున్న ఆ సామ్రాజ్యం క్రీ.పూ. 1180 ప్రాంతంలో కూలిపోయింది. అయితే దాని ఏలుబడి దక్షిణాన హెబ్రోను వరకు ఎన్నడూ రాలేదు. పైగా ఆదికాండంలోని హిత్తీయుల పేర్లలో అధికభాగం సెమిటిక్ పేర్లే. హేతును ఆ గ్రంథం కనాను కుమారునిగానే చెబుతుంది. సామ్రాజ్యం అంతరించిన తర్వాత అస్సిరియనులు సిరియా, పాలస్తీనా ప్రాంతాలన్నిటినీ ‘హత్తి’ అని పిలిచేవారు. కనుక బైబిలులోని హిత్తీయులలో ఎక్కువమందిని అనటోలియా చక్రవర్తుల వారసులుగా కాక, కొండసీమలో స్థిరపడిన స్థానిక తెగగా భావించడమే సమంజసంగా ఉంటుంది. ఇస్రాయీల్ సంతతికి వారు దూరదేశపు శత్రువులు కారు, ఇరుగుపొరుగువారు. వియ్యం సమస్య అక్కడే పుట్టింది.

హజ్రత్ ఇస్‌హాఖ్ (అలైహిస్సలాం) పెద్ద కుమారుడు ఏశావు 40వ ఏట ఇద్దరు హిత్తీయ స్త్రీలను పెండ్లాడాడు. ఒకరు బేయేరీ కుమార్తె యహూదీతు, మరొకరు ఏలోను కుమార్తె బాశెమతు. ఆ కోడళ్ల వల్ల తల్లిదండ్రులకు మనోవేదన కలిగిందని ఆదికాండం చెబుతుంది. కారణం మాత్రం చెప్పదు. వారు విగ్రహాలను పూజించారనీ లేదు, అత్తమామలను ఎదిరించారనీ లేదు. హేతు కుమార్తెలంటే విసిగిపోయానన్న రిబ్కా మాటపైనే హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం)ను వధువు కోసం ఉత్తరాన ఆమె సోదరుని ఇంటికి పంపారు. అది చూసిన ఏశావు తండ్రి మనసు తెలుసుకుని హజ్రత్ ఇస్మాయీల్ (అలైహిస్సలాం) కుమార్తెను కూడా వివాహమాడాడు. ఇక్కడ ఆమె పేరు మహలతు. తర్వాతి వంశావళిలో ఇస్మాయీల్ కుమార్తెకే బాశెమతు అనే పేరు ఉంది, ఏలోను కుమార్తె ఆదా అయింది. రెండు వేర్వేరు కథనాలు ఒకచోట కలిశాయనడానికి ఇది ఒక గుర్తు.

ఆదికాండం చెప్పని కారణాన్ని ద్వితీయోపదేశకాండం చెప్పింది. హిత్తీయులతో సహా ఏడు జాతులతో వియ్యమందరాదని శాసిస్తూ, వారు మీ సంతానాన్ని అన్య దైవాలవైపు మళ్లిస్తారని హేతువు చూపింది. ఈ హేతువు విశ్వాసానికి సంబంధించినది, రక్తానికి సంబంధించినది కాదు. దివ్య ఖుర్ఆన్ బఖరా సూరా 221వ ఆయతులో బహుదైవారాధకులతో వివాహాన్ని నిషేధించినప్పుడు కూడా విశ్వాసమే గీటురాయి. విశ్వసించిన బానిస స్త్రీ స్వతంత్రురాలైన ముష్రిక్ స్త్రీ కంటె మేలని అక్కడ ఉంది. తెగ, వంశం ప్రసక్తి లేదు.

శాసనం ఒకటి, ఆచరణ మరొకటి. ఇస్రాయీల్ ప్రజలు హిత్తీయుల మధ్య కాపురముండి వారి కుమార్తెలను చేసుకున్నారనీ, తమ కుమార్తెలను వారికి ఇచ్చారనీ న్యాయాధిపతుల గ్రంథమే నిందిస్తుంది. వీటన్నిటిలో ఎక్కువగా ఆలోచింపజేసేది ఊరియా విషయం. హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) వీరుల జాబితాలో చివరి పేరు హిత్తీయుడైన ఊరియాదే. అతని పేరు హీబ్రూ పేరు, ఇస్రాయీల్ దైవనామం అందులో ఉంది. ఇస్రాయీల్ సైన్యం గుడారాలలో ఉండగా తాను ఇంటికి వెళ్లి సుఖించలేనని అతడు అన్నట్లు సమూయేలు గ్రంథం చెబుతుంది. అతని భార్య బత్షెబ, ఎలీయాము కుమార్తె. అదే వీరుల జాబితాలో రాజుగారి సలహాదారు అహీతోపెలు కుమారుడు ఎలీయాము ఒకడున్నాడు. ఇద్దరూ ఒకరే అయితే, రాజాస్థానపు పెద్ద కుటుంబం ఒకటి తన ఆడపడుచును హిత్తీయునికి ఇచ్చిందన్నమాట. ఈ పెండ్లిని తప్పుపట్టే మాట ఆ గ్రంథంలో ఎక్కడా లేదు. విశ్వాసంలో తమవాడైన హిత్తీయుడు పరాయివాడు కాడన్న అవగాహన ఆనాడు ఉండినట్లు దీనిని బట్టి తోస్తుంది. ఆ గ్రంథం తర్వాత దావూద్ (అలైహిస్సలాం)కు అంటగట్టిన నేరాన్ని ముస్లిం పండితులు ప్రవక్తల పవిత్రతకు విరుద్ధమని తిరస్కరించారు. ఖుర్ఆన్ వ్యాఖ్యానాలలో ఈ సందర్భంగా చెప్పే గాథ అధికభాగం ఇస్రాయీలియాత్ నుండి వచ్చినదేనని ఇబ్నె కసీర్ స్పష్టం చేశారు.

హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) భార్యలలో హిత్తీయ స్త్రీలున్నారనీ, భార్యలు ఆయన హృదయాన్ని మళ్లించారనీ రాజుల గ్రంథం అంటుంది. సులైమాన్ అవిశ్వాసానికి పాల్పడలేదని దివ్య ఖుర్ఆన్ ఖండితంగా ప్రకటించింది. ఇక యెహెజ్కేలు గ్రంథం యెరూషలేము నగరాన్ని మందలిస్తూ, దాని తల్లి హిత్తీయురాలని ఎత్తిపొడుస్తుంది. అది నిందే అయినా, నగరపు మూలాలలో హిత్తీయ రక్తం ఉందన్న జ్ఞాపకం దానిలో దాగి ఉంది.

బాబిలోను చెర నుండి తిరిగి వచ్చిన తర్వాత, క్రీ.పూ. ఐదవ శతాబ్దంలో, వాదం దిశ మారింది. ప్రజలు అన్యజాతుల స్త్రీలను చేసుకున్నారన్న ఫిర్యాదు ఎజ్రా వద్దకు వచ్చినప్పుడు వినిపించిన జాతుల పట్టికలో హిత్తీయులు కూడా ఉన్నారు. హత్తూసా కూలి అప్పటికి ఏడు శతాబ్దాలు గడిచింది. సిరియాలో మిగిలిన హిత్తీయ రాజ్యాలలో ముఖ్యమైన కర్కెమీషును క్రీ.పూ. 717లోనే అస్సిరియా కలుపుకొన్నది. జాతి మాసిపోయినా పేరు మాత్రం నిషేధపు పట్టికలో నిలిచింది. అంతకన్న ముఖ్యం, ఫిర్యాదులో ముందుకు వచ్చిన మాట పవిత్ర సంతతి కలుషితమైందన్నది. ద్వితీయోపదేశకాండం విశ్వాసం గురించి భయపడింది. ఇక్కడ వంశం గురించిన భయం దానికి తోడైంది. ఆ స్త్రీలలో ఎవరైనా ఏకదైవాన్ని విశ్వసించారా అని విచారించినట్లు గ్రంథంలో లేదు. భార్యలను, వారికి పుట్టిన పిల్లలను పంపివేయాలని తీర్మానం జరిగింది. అన్యస్త్రీలను చేసుకున్న పురుషుల పేర్లు వందకు పైగా వరుసగా నమోదయ్యాయి. ఏశావు కథలో హిత్తీయ కోడళ్లకు పేర్లున్నాయి, వారి తండ్రులకూ పేర్లున్నాయి. ఎజ్రా జాబితాలో స్త్రీ పేరు ఒక్కటీ లేదు.