విశాఖ రాతప్రతి, శ్రీరాంపూర్ అచ్చు

అచ్చు అక్షరం పుట్టుక ఆటోనగర్‌లో డై పని చేసేవాళ్లకు చెబితే ఇట్టే అర్థమవుతుంది. ఉక్కు కడ్డీ కొసన అక్షరాన్ని తిరగేసి చెక్కితే అది పంచ్. దాన్ని రాగి బిళ్లలోకి కొడితే గుంట పడుతుంది. ఆ గుంటలో కరిగిన సీసం పోస్తే అక్షరం. అయితే 1805లో విశాఖపట్నంలో దిగి సువార్తలను తెలుగు చేయబూనిన లండన్ మిషనరీ సొసైటీ మనుషులు జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్‌లకు ఊళ్లో తెలుగు అచ్చుకూటమే లేదు.

గ్రీకు చర్చీలకు శతాబ్దాల పాటు ఈ బెంగ లేదు. అక్కడ చేతిరాతే ప్రచురణ. గీకి నునుపు చేసిన తోలు మీద, తరచు రెండు వరుసల్లో, సువార్త పాఠాలు రాసేవారు. రాగం తీసి చదివేవాడి కోసం చాలా ప్రతుల్లో అక్షరాల పైన ఎర్ర సిరాతో గుర్తులు కనిపిస్తాయి. పుస్తకం మత్తయితో మొదలవదు. పంచాంగం చూసి పురాణం చెప్పినట్టు, ఈస్టర్ నాటి యోహాను పాఠంతో ఎత్తుకుని, ఏ రోజుది ఆ రోజుకు పేర్చుకుంటూ పోతారు. గుడికి ఒక్క ప్రతి ఉంటే తరాలు గడిచిపోయేవి. ఇలాంటివి ఇప్పటికీ రెండు వేలకు పైగా మిగిలాయి.

ఆ చేతిరాత ప్రతుల నుంచే 1516లో బాసెల్‌లో ఎరాస్మస్ అనే పండితుడు గ్రీకు కొత్త నిబంధనను అచ్చువేయించాడు. సువార్తలకు అతను వాడిన ముఖ్య ప్రతిని అక్కడి డొమినికన్ సన్యాసులు ఎప్పుడో రెండు ఫ్లోరిన్లకు కొన్నారట. ఎరాస్మస్ దాని మీదే దిద్దుబాట్లు గీకి అక్షరాలు కూర్చేవాళ్ల చేతికిచ్చాడు. పాత ప్రతికి అంత అన్యాయం చేయాలా అనిపిస్తుంది నాకు!

ఆ గ్రీకు నుంచి కొత్త నిబంధనను మొదట తెలుగులోకి తెచ్చినవాడు మిషనరీ బెంజమిన్ షుల్జ్. మద్రాసులో ఉంటూ 1720ల చివర్లో ఆ పని చేశాడు. రాతప్రతి జర్మనీలోని హాలెకు వెళ్లింది గాని అచ్చు కాలేదు. పండితుడి కష్టం అక్కడే ఆగిపోయింది.

ఆ తర్వాత విశాఖలో సువార్తల అనువాదానికి పూనుకున్న క్రాన్, డెస్ గ్రాంజెస్‌లకు కొండంత అండ ఆనందరాయరు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవుడైన ఈయన లేకపోతే పరాయివాళ్ల తెలుగు ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. మన చరిత్ర పుస్తకాలు దొరల పేర్లు చెప్పి ఆయన్ని ఒక వాక్యంలో దాటేస్తాయి. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో చనిపోయారు. అప్పటికి సువార్తలు కాగితం మీదే ఉన్నాయి.

అవి అచ్చెక్కింది బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో, మిషనరీ విలియం కేరీ బృందం అచ్చుకూటంలో. అక్కడ అక్షరాల పనికి పునాది వేసింది పంచానన్ కర్మకార్, కమ్మరి కులం వాడు. ఆయన పోయాక అల్లుడు మనోహర్ ఆ పని అందుకున్నాడు. 1812 మార్చి 11న ఆ అచ్చుకూటం తగలబడింది. కాగితం, రాతప్రతులు, అక్షరాలు పోయాయి. బూడిదలో పంచ్‌లూ రాగి అచ్చులూ దక్కాయి. కరిగి ముద్దయిన లోహాన్నే మళ్లీ అక్షరాలుగా పోశారు.

మత్తయి, మార్కు, లూకా సువార్తలు తెలుగులో వెలువడింది ఆ ఏడాదే. విశాఖలో వాళ్ల పని అందుకున్న ఎడ్వర్డ్ ప్రిచెట్ కొత్త నిబంధన అంతటినీ పూర్తి చేశాడు. అది 1818లో మద్రాసులో అచ్చయింది.