ఒక జిల్లా, ఒక పశుజాతి, మూడు చట్టాలు

పశువును ధనమని ఎంచినవారు మన పూర్వులు. కొన్ని సీమలలో నేటికీ గొడ్లను ‘సొమ్ములు’ అనే పిలుస్తారు. లాటిన్‌లో సైతం పశువాచకమైన ‘పెకుస్’ నుండే ధనవాచకమైన ‘పెకూనియా’ పుట్టిందని భాషావేత్తల మాట. సొమ్మన్న తరువాత కొనుట, అమ్ముట తప్పవు గదా! జహీరాబాదు ప్రాంతంలో ఆ సొమ్ము కథ ఎట్లా నడిచిందో మిత్రులకు విన్నవించుకుంటాను.

1956 నవంబరు 1కి పూర్వం జహీరాబాదు తాలూకా బీదరు జిల్లాలోనిది. ఉదగీరు తాలూకా కూడ ఆ జిల్లాలోనిదే. భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడినప్పుడు బీదరు మైసూరుకు, ఉదగీరు బొంబాయికి, జహీరాబాదు మెదకు జిల్లాలో చేరి ఆంధ్రప్రదేశ్‌కు దక్కాయి. ఇప్పుడు ఉదగీరు మహారాష్ట్రలోని లాతూరు జిల్లాలోను, జహీరాబాదు 2016లో ఏర్పడిన సంగారెడ్డి జిల్లాలోను ఉన్నాయి. మనుషులను పంచుకున్నారు సరే, పశువుల మాటేమిటి?

ఉదగీరు ప్రాంతంలోని దేవణి గ్రామం పేరిట ఒక పశుజాతి ప్రసిద్ధం. గిర్, డాంగీ జాతులు స్థానిక పశువులతో కలియగా ఇది ఏర్పడిందని పశుశాస్త్రజ్ఞులు అంటారు. పూర్తిగా తెల్లనిది బాలంక్య, తెల్లని మేను మీద నల్లమచ్చలున్నది శేవర, ముఖపు ప్రక్కలు నల్లనైనది వన్నెర. ఆవు పాలిస్తుంది, ఎద్దు నల్లరేగడిలో నాగలి లాగుతుంది. ఒకే జాతి రెండు పనులకు వస్తుంది కనుకనే చిన్నరైతుకు అది ప్రాణం.

ఇక్కడి రైతు మాంసం కోసం పశువును పెంచలేదు. కోడెను కాడికి అలవరచి, ఎనిమిది పదేండ్లు పని చేయించుకొని, ముసలిదైనాక అంగడికి తోలేవాడు. ఆ వచ్చిన పైకానికి మరికొంత చేర్చి కొత్త కోడెను కొనేవాడు. ముసలి ఎద్దు విలువే కొత్త ఎద్దుకు పెట్టుబడి. కొన్న ఖురేషీ వర్తకునికి అది జీవనం. ‘పెద్దకూర’ పేద కుటుంబాలకు అందుబాటులోని ఆహారం. తోలు చెప్పులయ్యేది, బావి మీద మోటసంచి అయ్యేది. ముసలి ఎద్దు చర్మంలోని నీటిని పడుచు ఎద్దులు పైకి లాగేవన్నమాట!

అంగడి నాడు నా తరగతిలో బల్లలు సగం ఖాళీగా ఉండేవి. మరునాడు పిల్లలు నాకే పాఠం చెప్పేవారు: రెండు పళ్ళు వేస్తే సుమారు రెండున్నరేళ్ళనీ, ఎనిమిదీ వేస్తే పళ్ళను బట్టి వయస్సు తెలియడం కష్టమనీ, తువ్వాలు చాటున వేళ్ళు పట్టి బేరం చేస్తారనీ. వ్యాకరణం రాని పిల్లలు సుళ్ళ లక్షణాలు మాత్రం తడుముకోకుండా చెప్పేవారు.

ఇక చట్టాల సంగతి. ఆంధ్రప్రదేశ్ 1977లో చేసిన చట్టం ఆవును, దూడను వధించరాదన్నది. పనికిరాని ఎద్దుకు మాత్రం అధికారి ధ్రువపత్రం మీద అనుమతి ఉంచింది. తెలంగాణకు సంక్రమించినది ఇదే. మహారాష్ట్రలో 2015 నుండి ఎద్దులకు సైతం నిషేధం. 1964 నాటి చట్టం ముసలి ఎద్దుకు ఇచ్చిన మినహాయింపును కర్ణాటక 2021 జనవరిలో అమలులోకి తెచ్చిన కొత్త చట్టంతో తొలగించింది. ఒకప్పటి ఒకే జిల్లాలోని ఒకే జాతి ఎద్దుకు నేడు మూడు శాసనాలు! 2017 మేలో కేంద్రం వధకై సంతలో అమ్మకాలనే నిషేధించగా, జులైలో సుప్రీంకోర్టు ఆ నియమాల అమలును నిలిపింది. న్యాయస్థానం తలపు కూడ ఒక్కచోట నిలువలేదు. పనికిరాని ఎద్దులను వధించరాదని పూర్తిగా నిషేధించడం తగదని 1958లో అన్నది. పేడ, మూత్రం ఉన్నంతవరకు ఎద్దు నిరుపయోగం కాదని 2005లో అన్నది.

పశుగణన ఏం చెబుతోంది? 2012కు, 2019కి మధ్య దేశంలో ఆవులు సుమారు 18 శాతం పెరిగాయి. ఎద్దులు, కోడెలు కలిసి 30 శాతం తగ్గాయి. దీనికి చట్టాలొక్కటే కారణమనను. ట్రాక్టరు వచ్చింది, మోట పోయింది. కాని అమ్ముకొనలేని ముసలిపశువుకు మేత ఎవరు పెట్టాలన్న ప్రశ్నకు సమాధానం దొరకనప్పుడు, రైతు కోడెదూడను పెంచడమే మానుకుంటాడు.

ఏరువాక నాడు ఎద్దు కొమ్ములకు రంగు పూసి మ్రొక్కినవాడే, కరవు నాడు దానిని కన్నీటితో అంగడికి తోలినవాడు. అతని భక్తిని శంకించే అధికారం మనకెవరికీ లేదు. పస్తాపూరు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు పాతపంటల జాతరలో విత్తనాలను నేటికీ ఎడ్లబండ్ల మీదనే ఊరూరా త్రిప్పుతారు. విత్తనం నిలవాలని అంత తపన పడుతున్నాం. ఆ బండి లాగే జాతి నిలవాలంటే, దానిని పెంచే రైతు లెక్కను కూడ ఎవరో ఒకరు ఓపికగా వినాలి.

సెలవు.